శుక్రవారం కత్తియుద్ధం

టీవీ మీది ఆటలో ఎదుటి సమురాయ్ తల వంచాడు. నర్సింలు ఆడిస్తున్నవాడూ వంచితేగానీ అతను కత్తి దూయడు.

అంతలో నర్సింలు ఫోన్‌కు అరబ్బీలో మెసేజ్ వచ్చింది. అలవాటుగా చదవమని శాంసన్‌కు ఇచ్చాడు. కంపెనీ క్లర్కు శాంసన్ ప్రతి శుక్రవారం అతన్ని కూలీల క్యాంపు నుంచి బతా బజారులోని తన గదికి పిలుస్తాడు. ఖర్జూరాలు పెట్టి, ఈ మాటల్లేని ఆట ఆడిస్తాడు.

శాంసన్ తలెత్తలేదు. "నీ మీద హురూబ్ పడింది."

"పారిపోయిన అని రాసిన్రా? మీ పక్కనే కూసున్న గద సార్."

"కంపెనీ సర్కారు రెడ్ లిస్టులో పడిందయ్యా. పరాయి దేశపు కూలీల మీద లెవీలు కట్టలేక నలుగుర్ని తగ్గించమన్నారు. ఇంటికి పంపితే టికెట్టు పెట్టాలి. పారిపోయాడంటే అదీ అక్కర్లేదు. పేర్లు నేనే ఇచ్చాను."

"నా పేరు ఎదురుంగ ఏం రాసినవ్?"

"శుక్రవారాలు క్యాంపులో ఉండట్లేదని. రిజిస్టర్‌లో అలాగే ఉంది మరి."

నోట్లోని ఖర్జూరాన్ని నర్సింలు ఆ తివాచీ మీదే ఉమ్మేశాడు. ఆట రిమోట్ కింద పడేసి, అది పట్టుకున్న చేతిని చొక్కాకు గట్టిగా తుడుచుకున్నాడు.

టీవీలో శత్రువు కత్తి మీద చెయ్యి వేయకుండా, తల వంచి ఇంకా అతని కోసం ఆగే ఉన్నాడు.