సూర్యుడి మీద చుక్క

పాప నిద్రపోయాక రోజూ హరిప్రియ లాప్‌టాప్ తెరుస్తుంది. ఉపగ్రహాలు తీసిన సూర్యుడి ఫొటోలు ఇంటర్నెట్‌లో ఊరికే దొరుకుతాయి. వాటిలోని మరకలు తుడిచి, రంగులు వేయడం ఆమె సరదా.

"పగలంతా పటమట ఎండలో మాడింది చాలదా, రాత్రి కూడానా ఆ సూర్యుడు?" అని అత్తగారు సీతారావమ్మ ఎప్పటిలాగే ఎగతాళి చేసి, లోపలిగదిలో పాప పక్కన పడుకుంది. ఫ్యాన్ చప్పుడు తప్ప ఇల్లంతా నిశ్శబ్దం.

ఆ రాత్రి ఫొటోలో ఎడమవైపు కింద ఒక నల్లటి చుక్క కనిపించింది. పది నిమిషాల ముందు తీసిన ఫొటోలో అది లేదు. వేలితో పెట్టినట్టు గుండ్రంగా ఉంది. కెమెరాలో ఏదో లోపమనుకుని హరిప్రియ అలవాటుగా తుడిచేసింది.

"అమ్మాయ్, పాపకి నేను పెట్టిన దిష్టిచుక్క తుడిచావా?" లోపల్నించి అత్తగారి గొంతు.

"లేదత్తయ్యా. నేనసలు అటు రాలేదు."

"ఎడమ బుగ్గ నున్నగా ఉందే! కాటుక మరక కూడా లేదు."

హరిప్రియ చప్పున తెరవైపు చూసింది. తుడిచినదాన్ని వెనక్కి తెచ్చే బటన్ నొక్కింది. తెరమీద చుక్క మళ్ళీ వచ్చింది.

"ఇప్పుడు చూడండత్తయ్యా. వచ్చిందా?"

"ఏంటి వచ్చేది? ముందు నువ్వు లేచి రా. పిల్ల ఒళ్ళు పెనంలా కాలిపోతోంది."