అంటని నూలు

"నేను చెప్పేదాకా మొదలుపెట్టకండి సిస్టర్," అని బావ ఎడమచేతిని నర్సుకు అప్పగించి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు. నర్సు సరేననలేదు, కాదనలేదు. సెలైన్ సీసా మూత తీసి కట్టు తడపసాగింది.

మండే ఇళ్ళలోకి దూరి మనుషుల్ని భుజాన వేసుకొచ్చే ఫైర్‌మన్ ఆయన. అంతటివాడూ మోచేతి కింద కాలిన గాయానికి కట్టు మార్చేటప్పుడు వార్డు దద్దరిల్లేలా అరిచేవాడు. ఎండిన కట్టు కొత్త చర్మాన్ని కూడా లాక్కుని వచ్చేది మరి. ఆ కేకలు వినలేక భార్య వరండాలోకి వెళ్ళిపోయేది.

నిన్న వేసింది మాత్రం మరదలు ల్యాబ్‌లో తయారుచేసిన కట్టు. పరీక్షలన్నీ చూసిన పెద్ద డాక్టరు సరేనన్నాడు. ఇవాళ అదీ అంటుకుందా, రేపటినుంచి మళ్ళీ మామూలు కట్టే, ఆమె కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

గోడపక్కన నిలబడ్డ మరదల్ని, దాని సంగతి ఇంకోసారి చెప్పమన్నాడు బావ. వాయిదా వేయడానికేనని తెలిసినా ఆమె ఓపిగ్గా చెప్పింది. నూలుపోగు ఒంటినిండా నీటిని పట్టుకునే చేతులుంటాయనీ, గాయం రసి వాటికి చిక్కి ఎండితేనే కట్టు అతుక్కుంటుందనీ, ఆ చేతుల్లో తాను కొవ్వుజాతి అణువుల్ని పెట్టేసిందనీ, చేతులు ఖాళీ లేనప్పుడు ఇంకేం పట్టుకుంటాయనీ.

"అంటే నూనె రాశావు."

"నూనె అయితే కడిగితే పోతుంది బావా. ఇది పోగులో భాగమైపోయింది. లోపల మాత్రం మామూలు నూలే, అంత మెత్తగానూ ఉంటుంది."

"మరి రసి ఎటు పోతుంది?"

"కట్టు కన్నాల్లోంచి పైనున్న దూదిలోకి."

నూలును నూలుగానే ఉంచి దాని బుద్ధి మార్చడం మాటలు కాదు. బావకు ఆ మాటే అనాలనిపించింది కానీ నోటికొచ్చింది వేళాకోళమే.

"మీ ఇంట్లో ఒక్కరూ నన్ను వదలరు. నీ కట్టు వదులుతుందంటే నమ్మమంటావా?"

ఆమె నవ్వలేదు. చూపు ఆయన భుజం మీదుగా నర్సు చేతులమీదే ఉంది. పెదవులు వణికాయి, కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. అది చూసి, ఈ కట్టూ అతుక్కుపోయిందనే అనుకున్నాడు బావ.

"నొప్పి నాకైతే నువ్వేడుస్తావేంటమ్మా? అతుక్కున్నా నిన్నేమీ అనను. నా కోసం ఇంత ఆలోచించావు, అది చాలు."

కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు బిగించి, కుడిచేత్తో మంచం పట్టె పట్టుకున్నాడు.

"సరే సిస్టర్, ఇక లాగండి."

విప్పేసిన కట్టు అప్పటికే చెత్తబుట్టలో ఉంది.