మట్టిలో పెట్టని బొడ్డుతాడు

“మా కోడలి కాన్పప్పుడు బొడ్డుతాడు పట్టుకెళ్లింది నువ్వేనా అమ్మా?”

ల్యాబు గుమ్మంలోంచి ఆ మాట వినబడేసరికి వినీల చేతిలో పని ఆగిపోయింది.

“నేనేనండి. మీరు?”

“తలుపులమ్మని. ఉప్పాడ. నా కోడలు వెంకటదుర్గ.”

వినీలకు గుర్తొచ్చింది. పోయిన నెల ఈ ఆసుపత్రి కింది అంతస్తులో కాన్పు కాగానే, వెంకటదుర్గ ఒప్పుకున్న మీదటే ఆ తాడు తెచ్చుకుంది. ఇచ్చేవాళ్లు దొరకడమే కష్టం. బొడ్డుతాడు ఇంటి పెరట్లో పాతిపెట్టాలి, పరాయిచోట ఉంటే బిడ్డ కాలు ఇంట నిలవదు అని పెద్దవాళ్ల నమ్మకం. అంతకుముందు ఒక కుటుంబం ఇలాగే వచ్చి, పని సగంలో ఉన్నదాన్ని తిరిగి పట్టుకుపోయింది. ఇదీ పోతే వినీల పరిశోధన మళ్లీ మొదటికొస్తుంది.

“నాకొక్క మాట చెప్పకుండా ఇచ్చేసింది. నిన్ననే బయటపెట్టింది. ఇంతకీ ఉందా, పారేశారా?”

పక్క బల్ల దగ్గర పనిచేసే తోటి పరిశోధకుడు అశోక్ గొంతు తగ్గించి, “పారేశామని చెప్పెయ్. గొడవ వదిలిపోద్ది” అన్నాడు.

వినీలకు అబద్ధం నోటికి రాలేదు.

“తాడు లేదండి. దాని లోపల రక్తనాళం ఉంటుంది కదా, ఆ నాళం గోడలోంచి తీసిన కణాలు ఉన్నాయి. బతికే ఉన్నాయి.”

“బతికా?”

“పెరుగుతున్నాయి కూడా.”

“ఏదీ, చూపించు.”

వినీల ఆమెను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. తలుపులమ్మ చెప్పులు గుమ్మం దగ్గరే విడిచి వచ్చింది. కళ్లు ఆనించి చూసింది.

“చేప పొలుసుల్లా భలే అమిరాయే. వీటినేం చేస్తావు?”

“చక్కెర ఎక్కువ కలిపిన నీళ్లలో పెడతానండి. ఒంట్లో అంతా బాగుంటే ఇవి ఇలాగే ఒకదాన్నొకటి పట్టుకుని, నాళం గోడ నున్నగా ఉంటుంది. చక్కెర ముదిరితే వీటి మీద కొక్కేల్లాంటి అణువులు లేస్తాయి. రక్తంలో పోయే తెల్లకణాలు వాటికి చిక్కుకుంటాయి. నాళం పూడటం అక్కడ మొదలవుతుంది.”

“గేలానికి పడ్డట్టు.”

“అలాగేనండి. ఆ కొక్కేలు లేవకుండా ఆపే మందేదైనా దొరుకుతుందేమోనని చూస్తున్నాం.”

తలుపులమ్మ తల ఎత్తలేదు. “మా ఆయనకి షుగరొచ్చి కాలు తీసేశారు. నరాలు పూడిపోయాయన్నారు. ఎందుకు పూడాయో చెప్పినవాళ్లు లేరు. ఇన్నాళ్లకి నువ్వు చెప్పావు.”

వినీల ధైర్యం చేసి అడిగేసింది. “మామ్మగారూ, వీటిని తీసుకెళ్లిపోతారా?”

“ఎన్నాళ్లు బతుకుతాయి?”

“ఇవి కొన్ని వారాలేనండి. మరికొన్నిటిని గడ్డకట్టించి దాచాం. అవి ఏళ్ల తరబడి ఉంటాయి. కావాలన్నప్పుడు బయటికి తీసి మళ్లీ పెంచుకోవచ్చు.”

తలుపులమ్మ లేచింది. వినీల చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది. చేపల ఉప్పుకీ ఐసుకీ కాయలు కాసిన చేతులు తలుపులమ్మవి.

“దాచు తల్లీ. నీ చెయ్యి చల్లగుండాలి. మా కోడల్ని ఊరికే తిట్టాను. నీకిచ్చి మంచి పని చేసింది.”

వినీల గుండెల్లో బరువు దిగిపోయింది. అశోక్ కూడా నవ్వుకుంటూ తన పనిలో పడ్డాడు.

“నేనే మీకు రుణపడి ఉన్నానండి. ఈసారి బాబుని తీసుకురండి. వాడి కణాలు వాడికే చూపిద్దాం” అంది వినీల.

చెప్పుల్లో కాలు పెట్టబోతున్న తలుపులమ్మ ఆగింది.

“వాడు మూడో రోజే పోయాడు తల్లీ. ఎక్కడన్నా కాస్త మిగిలున్నాడేమో చూసిపోదామని వచ్చాను.”