అట్టముక్క గాలి

"కొంప మునిగింది!" ఎడిటరు చెవులకున్న హెడ్‌ఫోన్లు లాగి బల్లమీద పడేశాడు.

అలా పనిలో కూర్చున్నాడో లేదో, తెరమీది పెళ్ళి వీడియో మాయమై కంప్యూటరు ఆగిపోయింది. సాయంత్రానికి పెళ్ళివాళ్ళు వచ్చేస్తారు. డబ్బా మూత విప్పి చూస్తే లోపల గ్రాఫిక్స్ కార్డు పెనంలా కాలుతోంది. మళ్ళీ ఆన్ చేశాడు. కార్డు మీది చిన్న ఫ్యాను ఉలకలేదు, పలకలేదు.

"ఏమైందండీ?" గుమ్మంలోంచి భార్య అడిగింది.

"కార్డు ఫ్యాను చచ్చింది. ఆదివారం, కొట్లు కూడా ఉండవు. టేబుల్ ఫ్యానన్నా పట్రా."

"అయ్యో, పక్కింటావిడ అడిగితే ఇచ్చానే! ఉండండి."

లోపలికెళ్ళి అట్టపెట్టె మూత చింపుకొచ్చి, పక్కనే స్టూలేసుకుని కూర్చుంది. "నేను విసురుతాను. మీరు కానివ్వండి."

"పిచ్చిగానీ పట్టిందా? ఈ కార్డొక్కటే మన ఫ్రిజ్జుకన్నా ఎక్కువ కరెంటు తాగుతుంది. నీ గాలికి చల్లబడుతుందా?"

"అయితే తక్కువ తాగమనండి."

అతనికి నవ్వొచ్చింది. అదీ నిజమే. సెట్టింగుల్లోకెళ్ళి కార్డు వాడుకునే కరెంటుని సగానికి తగ్గించాడు. పని నత్తనడక పట్టింది గానీ, ఆవిడ విసురుతున్నంతసేపూ వేడి హద్దు దాటలేదు.

హెడ్‌ఫోన్లు పెట్టుకోబోయి ఆగాడు.

"మన ఒంటిగది ఇంట్లోనూ ఇలాగే విసిరేదానివి కదూ!"

"అప్పుడు పరీక్ష అట్ట ఉండేది. మీరు కునుకు తీస్తే నెత్తిన ఒకటివ్వడానికి భలే వీలుగా ఉండేది."

ఆ గదిలో ఏ పెళ్ళయినా ఇద్దరూ కలిసే చూసేవారు. ఏ మేనత్త అలిగిందో, ఏ బాబాయి రెండో బంతిలోనూ కూర్చున్నాడో ఆవిడే పట్టేసేది. తర్వాత ఇల్లు పెద్దదైంది. ఎడిటింగుకి వేరే గది వచ్చింది, గదికి తలుపొచ్చింది. తలుపు బయట టీ చల్లారిపోవడం మామూలైంది.

"ఆ ముసలాయన కళ్ళు తుడుచుకునేది తీసేశారేం?" ఆవిడ విసురుతూనే తెరకేసి చూసి అడిగింది.

"నిడివి ఎక్కువైందనీ..."

"పెట్టండి. పిల్ల తండ్రికన్నా ఆయనే ఎక్కువ ఏడుస్తున్నాడు పాపం."

పెట్టాడు. ఆవిడ చెయ్యి నొప్పెడితే అట్టముక్క అతని చేతికొచ్చింది, కాసేపటికి మళ్ళీ ఆవిడ చేతికెళ్ళింది. పాత ఇంటి ఓనరు గురక గుర్తొచ్చి ఇద్దరూ పడిపడి నవ్వారు. కిటికీలో ఎండ గోడెక్కే వేళకి వీడియో పూర్తయింది.

"హమ్మయ్య, గండం గడిచింది! ఇంతకీ పెళ్ళివాళ్ళు ఇంకా రాలేదేం?"

ఆవిడ అట్టముక్క ఒళ్ళో పెట్టుకుని, భుజం నొక్కుకుంటూ అంది.

"వాళ్ళని ఎల్లుండి రమ్మని పొద్దున్నే ఫోన్ చేసి చెప్పేశానండీ, ఆ కార్డు ఫ్యాను వైరు పీకే ముందే."