ఎడమ చెవి మీది చుక్క

ఇంకా తెల్లవారలేదు. రాత్రి డ్యూటీ దిగి, దోహా బయట ఉమ్ సలాల్ కూలీల క్యాంప్‌కొచ్చిన హన్మాండ్లుకు పై ప్రాణాలు పైనే పోయాయి.

మూడు రోజులుగా జ్వరంతో కాలిపోతున్న తమ్ముడు లస్మయ్యను ఎవరో ఆరుబయట కూర్చోబెట్టారు. ఎదురుగా క్యాంప్ చౌకీదారు, ఈజిప్టు ముసలాయన. రాయి కట్టిన దారాన్ని కంటి ముందు వేలాడదీసి, తమ్ముడి చెవి వైపే గురిచూస్తూ ఏదో గొణుగుతున్నాడు.

ఇంకేముంది, బాణామతే!

"నా తమ్ముని పానం తీస్తున్నవా!"

దారం తెంపి పారేశాడు. చొక్కా పట్టి ఈడ్చాడు. ముసలాయన వణుకుతూనే తెగిన దారం కోసం వంగాడు.

ఫోర్‌మన్ జహాంగీర్‌కు తగవులు తీర్చే ఓపిక లేదు. ఆయిల్ డబ్బుతో దోహా రాత్రింబవళ్లు లేస్తోంది. మనిషి పోతే మనిషి దొరుకుతాడు. "యల్లా, పద" అని ముసలాయన్ను నీళ్ల ట్యాంకర్ ఎక్కించి పంపేశాడు.

పీడ విరగడైందనుకున్నాడు హన్మాండ్లు. ఆ రాత్రి డ్యూటీ ఎగ్గొట్టి తమ్ముడి పక్కనే కూర్చున్నాడు.

లస్మయ్య కళ్లు తెరిచాడు.

"ముసలాయన ఏడన్నా? గోలీ యాళ్లయింది."

"ఏం గోలీరా?"

లస్మయ్య తలగడ కింద నుంచి గోలీల సీసా తీశాడు. "గడియారం లేకపాయె, టైం తప్పొద్దంట. ఒక సుక్క నా ఎడమ చెవు మీదికొస్తే ఒక గోలీ. ఇంకో సుక్క నెత్తి మీదికొస్తే ఇంకోటి. ఆళ్ల పాత రాజుల గోరీలల్ల గోడలకు గిట్లనే బొమ్మలుంటయంట. మనిషిని కూసోబెట్టి, దారం సూటిల సుక్కను జూసి గంట చెప్తుండిరంట."

హన్మాండ్లు తమ్ముణ్ణి ఆరుబయటికి మోసుకొచ్చాడు. అతణ్ణి కూర్చోబెట్టి, తాను ఎదురుగా కూర్చుని చూశాడు. ఆకాశం నిండా చుక్కలే. ఏ చుక్క? ఎవరిని అడగాలి? అడగాల్సిన మనిషిని తన చేతులతోనే తరిమాడు.

లస్మయ్యకు ఆయాసం ఎక్కువైంది.

సీసా పట్టుకుని కాంపౌండర్ హమీదుద్దీన్ గదికి పరుగెత్తాడు.

"టైమెంత సాబ్? మీరిచ్చిన గోలీ నా తమ్మునికి ఎప్పుడెయ్యాలె?"

"నీ తమ్మునికి నేనేడ ఇచ్చిన? మందు అయిపోయిందని చెప్పి పంపిన గద!"

హన్మాండ్లు సీసా చూపించాడు.

హమీదుద్దీన్ దాన్ని దీపం దగ్గర పెట్టి, చీటీ మీద, క్యాంప్‌లో ఎవరూ అడగని పేరొకటి చదివాడు. "మహ్రూస్."

"ఇది చౌకీదారుది. ఇదే జ్వరం ముందుగాల ఆయనకొచ్చింది. ఉన్న ఒక్క సీసా ఆయనకే ఇచ్చిన."