నూటికి నూరు

ఆ ఉదయం నెబ్రాస్కా ఆకాశం మంచు కురవనా మాననా అన్నట్టు బూడిదరంగులో వేలాడుతోంది.

“నాలుగుకి రెండున్నర మార్కులు! కళ్ళ డాక్టరు చదువుకి దరఖాస్తా? గుడ్డివాళ్ళ అదృష్టం!” అన్నాడు ఎల్డన్, కాఫీ చప్పరిస్తూ.

కూతురు కెండ్రా వంటింటి గోడకు ఒక కంటి పరీక్ష పటం తగిలించింది. “చదువు నాన్నా. రేపు డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో ఎలాగూ చదవాలిగా.”

ఎల్డన్ అక్షరాలన్నీ కింది వరస దాకా గడగడా అప్పజెప్పాడు. “నూటికి నూరు! నీకెప్పుడైనా వచ్చాయా?”

“రాలేదు. బట్టీ పట్టడం నీ దగ్గర నేర్చుకోవాల్సింది. నువ్వు చదివింది ఆ ఆఫీసు పటం. దీంట్లో ఉన్నవి అంకెలు నాన్నా.”

ఎల్డన్ కళ్ళు చికిలించి గోడవైపు చూశాడు. ట్రక్కు తాళాలు ఆమె వైపు నెట్టాడు.

“ఆ దరఖాస్తు పంపెయ్. మొదటి రోగి మొండివాడని కూడా రాయి.”

కెండ్రా వెన్నగిన్నెను అతని చేతికి తగిలేలా జరిపింది. ఇద్దరూ రొట్టె తిన్నారు.