ఇంకొంచెం తొక్కు

"ఇంకొంచెం తొక్కు నాన్నా, అప్పుడే ఆపకు!"

ఆసుపత్రి వ్యాయామ గదిలో, కదలని సైకిలు మీద తండ్రి రొప్పుతున్నాడు. ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయి. పెదవులు నీలంగా మారుతున్నా కూతురు ఊరుకోవడం లేదు.

అప్పుడే లోపలికి వచ్చిన డాక్టరమ్మ గబగబా సైకిలు ఆపించింది.

"ఏంటమ్మా ఇది? వ్యాయామమూ మందులాంటిదే, మోతాదు మించకూడదు. శక్తికి మించి తొక్కిస్తే పీల్చిన ఆక్సిజనే ఒంట్లో విషమై కండల్ని తినేస్తుంది. మొన్నటి రక్తపరీక్షలో అదే తేలింది."

"ఆపుతానని ఆయన ఒక్కసారీ అనలేదండీ!"

"ఎందుకు చెప్పలేదు పెద్దాయనా?"

ఊపిరి కాస్త కుదుటపడ్డాక ఆయన నేల చూపులు చూస్తూ అన్నాడు. "సిగరెట్లు మానమని వీళ్ళమ్మ బతిమాలుతూనే కన్నుమూసిందండీ. ఒక్కనాడూ వినలేదు. అమ్మాయికి నా మీద కోపం. ఇలాగైనా తీరుతుందేమోనని..."

"కోపమేంటి నాన్నా? నీకు నయం కావాలనే కదా..."

అంటుండగానే ఆమెకు గుర్తొచ్చింది. ఇందాక ఆయన రొప్పుతుంటే తనకు జాలి కలగలేదు. ఎక్కడో కసి తీరినట్టనిపించింది.

"ఇవాళ్టికి చాలు, దిగు నాన్నా," అంటూ చెయ్యి అందించింది.

ఆయన ఆ చెయ్యి పట్టుకున్నాడు గానీ దిగలేదు.

"కోపం తగ్గిందా అమ్మా?"

తగ్గిందని అబద్ధమాడడానికి ఆమెకు నోరు రాలేదు.